కిరాయి బండి, కిరాయి మాట

"షేరింగ్ ఎకానమీ" అన్న మాట మన సాఫ్ట్‌వేర్ జనానికి ఊబర్, ఎయిర్‌బీఎన్‌బీ వచ్చాకే తెలిసింది. కానీ జనగామ చౌరస్తాలో ఆ ఎకానమీ ఏ యాపూ లేకుండానే ఎన్నో ఏళ్ళుగా నడుస్తోంది. దాని పేరు షేర్ ఆటో. ఇక ఇల్లు పంచుకోవడం అంటారా, మేడారం జాతరప్పుడు చూడండి. ఉన్న గది కాస్తా భక్తులకి అద్దెకిచ్చి, ఇంటివాళ్ళు వసారాలో సర్దుకుంటారు. (మేడారం ఇప్పుడు ములుగు జిల్లా. 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది.) శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్ళు 2007లో గాలి పరుపులు పరిచి అద్దెకిచ్చారంటే అదొక చరిత్ర అయి కూర్చుంది. మనవాళ్ళు చాపలు పరిచారు, అంతే తేడా :-)

ఈ టపా ఆ బండ్ల గురించీ, ఆ ఇళ్ళ గురించీ కాదు. ఆ బండ్లు ఎక్కి, ఆ ఇళ్ళలో దూరి మన దగ్గరికొచ్చే వ్యాపార ప్రకటనల గురించి. కాస్త పెద్ద టపానే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు పెద్ద ఊళ్ళ సంగతి చూద్దాం. ఓలా వాళ్ళు 2016లో కార్లలో ట్యాబ్లెట్లు బిగించి ఓలా ప్లే అన్నారు. ప్రయాణికుడు గంటసేపు సీట్లో కట్టేసినట్టు కూర్చుంటాడు కదా, అంతకంటే మంచి ప్రేక్షకుడు ఎక్కడ దొరుకుతాడు? ఊబర్ 2022 అక్టోబరులో ప్రకటనల కోసం ఓ ప్రత్యేక విభాగమే పెట్టింది. బండి కోసం ఎదురు చూస్తున్నప్పుడూ, ఎక్కి కూర్చున్నాకా యాప్‌లో కనపడే ప్రకటనలు వాళ్ళ పనే. ఆ ఆదాయం ఇప్పుడు ఏడాదికి వంద కోట్ల డాలర్ల స్థాయి దాటింది.

ఇంకో పక్క మన దేశంలో డ్రైవర్ల దగ్గర కమిషన్ తీసుకునే పద్ధతి మారుతోంది. ర్యాపిడో ముందుగా కమిషన్ మానేసి, డ్రైవర్ రోజుకి ఇంత అని కడితే చాలంది. ఆటోల విషయంలో ఊబర్ 2025 ఫిబ్రవరిలో అదే దారి పట్టింది. అదే ఏడాది జూన్‌లో ఓలా కూడా. డ్రైవర్లకి ఇది మంచిదే. కానీ ఇంజనీర్లం కదా, ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. కిరాయిలో వాటా వదులుకున్న కంపెనీ రేపు ఎక్కడ సంపాదించుకుంటుంది? నా అంచనా అడిగితే, స్క్రీన్ మీద. బండి డ్రైవర్‌ది, పెట్రోలు డ్రైవర్‌ది, ప్రకటన డబ్బు మాత్రం స్క్రీన్ ఎవరిదైతే వాళ్ళది.

సరే, ఇదంతా హైదరాబాదు గొడవ, జనగామకీ మానుకోటకీ భూపాలపల్లికీ ఏంటి సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నా.

ఈ మూడు జిల్లాలూ పుట్టింది ఒకే రోజు, 2016 అక్టోబరు 11న. కానీ మూడింటికీ వచ్చే మనుషులు వేరు. జనగామకి వచ్చేది దారిన పోయేవాడు. ఉప్పల్ నుంచి హన్మకొండ పోయే కార్లన్నీ అటే పోతాయి, ఆగేవి తక్కువ. మహబూబాబాద్‌కి (అక్కడివాళ్ళకి మానుకోటే) వచ్చేది పల్లె నుంచి పనిమీద వచ్చేవాడు. మిర్చి అమ్మడానికో, విత్తనాలు కొనడానికో, దవాఖానకో, రైలుకో. భూపాలపల్లికి వచ్చేది సింగరేణి గనులకీ, చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ ప్లాంటుకీ పనిమీద వచ్చే ఉద్యోగులు, కాంట్రాక్టు వాళ్ళు, వాళ్ళతో పాటు కాళేశ్వరం పోయే భక్తులు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగిన ఆ పన్నెండు రోజులూ గుర్తు తెచ్చుకోండి. హన్మకొండ, పరకాల, భూపాలపల్లి, కాటారం మీదుగా ఆ దారంతా బండ్లే.

ఇలా వచ్చిన మనిషి కొత్త ఊళ్ళో మొదట మాట్లాడేది ఎవరితో? డ్రైవర్‌తో. రాత్రికి ఉంటే, గది ఇచ్చిన ఇంటాయనతో. "అన్నా, ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటది?" అని అడుగుతాడు. గూగుల్‌లో వంద రివ్యూలు ఉన్నా అడుగుతాడు. ఎందుకంటే ఆ ఊరివాడికి నిజం తెలుసని నమ్మకం. ఏ వ్యాపారస్తుడైనా డబ్బు పెట్టి కొనదలుచుకునేది ఆ నమ్మకాన్నే. బండి వెనక రేకు మీద చోటు, ఇంటి గోడ మీద చోటు దాని ముందు ఏపాటి?

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదు. రాత్రి బస్సు ఏ దాబా ముందు ఆగాలో ప్రయాణికుడు ఎప్పుడూ నిర్ణయించలేదు. డ్రైవర్‌కీ కండక్టర్‌కీ అక్కడ భోజనం ఉచితం, మనకి అదే భోజనం ఊళ్ళో కంటే ఎక్కువ ధర. ఆ ఉచిత భోజనం ఖర్చు ఎవరి ప్లేట్లోంచి వస్తుందో లెక్క కట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. చార్మినార్ దగ్గర ముత్యాల షాపుకి తీసుకుపోయే ఆటో, గుడి ముందు లాడ్జి చూపించే కుర్రాడు, అందరిదీ ఒకటే ప్రోటోకాల్. యాప్‌లు వచ్చి దీనికి "పార్ట్‌నర్ ప్రమోషన్" అని పేరు పెట్టాయి.

ఇంతవరకూ పెద్ద నష్టం లేదనే అంటాను. దాబాలో పప్పు నీళ్ళగా ఉంటే తిట్టుకుని బస్సెక్కుతాం. కానీ ఇదే పద్ధతి ఇంకో రెండు చోట్లకి పోతే?

మొదటిది దవాఖాన. పల్లెలో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై, బండి మీదుగా, పట్నంలో ప్రైవేటు ఆసుపత్రి దాకా పోయే కమిషన్ గొలుసు గురించి మన జిల్లాల్లో వినని ఇల్లు ఉండదు. రోగిని తెచ్చినందుకు ఇంత అని ముడుతుంది. అది చివరికి రోగి బిల్లులోనే కలుస్తుంది. రోగులని పంపినందుకు డాక్టర్లు కమిషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళిలో స్పష్టంగానే రాసింది. ఆ నియమం డాక్టర్లకి. బండి నడిపేవాడి జోలికి అది పోదు. అర్ధరాత్రి గుండెనొప్పితో బండెక్కిన మనిషి "ఎక్కడికి పోదాం అన్నా?" అంటే, ఆ జవాబు ముందే అమ్ముడైపోయి ఉంటే ఎట్లా? దాబా పప్పుకీ దీనికీ పోలికే లేదు.

రెండోది విత్తనం. మానుకోట చుట్టుపక్కల రైతుకి మిర్చి అంటే ఏడాది బతుకు. నకిలీ విత్తనాల గొడవ మన దగ్గర ఎప్పుడూ వినేదే. షేర్ ఆటోలో పక్కన కూర్చున్న రైతుకి "ఫలానా షాపుకి పో పెద్దయ్యా, అక్కడ మంచి రకం ఉన్నది" అని డ్రైవర్ చెప్పాడనుకోండి. అది మనసులో మాట అయితే మేలు. ప్యాకెట్‌కి ఇంత అని తీసుకుని చెప్పిన మాట అయితే? విత్తనం మంచిదో కాదో పూత దాకా తెలియదు. అప్పటికి డ్రైవర్ మాట ఎవరికీ గుర్తుండదు, అప్పు మాత్రం గుర్తుంటుంది. మన ప్రోగ్రాముల్లో తప్పు దొర్లితే రోల్‌బ్యాక్ చేస్తాం. మిర్చి తోటకి రోల్‌బ్యాక్ లేదు.

అయితే ప్రకటనలే వద్దంటున్నానా? లేదండీ. వద్దంటే డ్రైవర్ కడుపు మీద కొట్టినట్టే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పథకం, ఎంతోమంది ఆడవాళ్ళ చేతిలో డబ్బు మిగిల్చింది. కానీ షేర్ ఆటోలో సగం సీట్లు నింపింది ఆ ఆడవాళ్ళే కదా. ఆటోవాళ్ళు రోడ్డెక్కి మొత్తుకున్నారు. సీట్లు ఖాళీగా తిరిగే ఆటోకి, నెలకి ఓ వెయ్యి రూపాయలు ప్రకటన మీద వస్తే అది చిన్న విషయం కాదు.

దుకాణం వైపు నుంచి కూడా లెక్క వేసి చూడండి. లెక్క కోసమే అనుకుందాం, ఒక ఆటో రోజుకి 10 ట్రిప్పులు, ట్రిప్పుకి 4 మనుషులు, నెలకి 25 రోజులు. అంటే 1000 మంది. ఒకే మనిషి మళ్ళీ మళ్ళీ ఎక్కుతాడు కాబట్టి అసలు మనుషులు 300 అనుకోండి. ఆ 300 మందీ ఆ చుట్టుపక్కల వాళ్ళే, బజారుకే పోతున్నవాళ్ళే. జనగామలో చీరల కొట్టు పెట్టుకున్నాయనకి ఇంతకంటే ఏం కావాలి? ఫేస్‌బుక్‌లో డబ్బు పోస్తే బెంగుళూరులో ఉన్న జనగామవాడికి ప్రకటన కనపడుతుంది. వాడు చీర కొనడానికి రాడు.

అందుకే నేననేది: ప్రకటన ఉండనీ. కానీ మూడు షరతులు.

మొదటి షరతు, ప్రకటన ప్రకటనలాగే కనపడాలి. ఆటో వెనక రేకు మీద స్కూలు అడ్మిషన్ల స్టిక్కర్ ఉందనుకోండి, అది నిజాయితీ గల ప్రకటన. డబ్బిచ్చి అతికించారని చూసే ప్రతివాడికీ తెలుసు. అదే స్కూలు గురించి డ్రైవర్ "మా పిల్లలు అక్కడే చదువుతరు, మస్తుగ చెప్తరు" అని డబ్బు తీసుకుని చెప్తే అది వేరే కథ. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదే చెప్పింది, పొగిడేవాడికీ కంపెనీకీ మధ్య లావాదేవీ ఉంటే చెప్పి తీరాలని. 2023 నవంబరులో అదే సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌ల జాబితా ఇచ్చింది. మారువేషం వేసుకొచ్చే ప్రకటన అందులో ఒకటి. యాప్‌లకీ, వెబ్‌సైట్లకీ రాసిన నియమం ఆటో సీటు దాకా వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోనీ. ఎక్కినవాడి దృష్టిలో మాత్రం మోసం ఒకటే.

రెండో షరతు, ఎవరి నమ్మకాన్ని వాడుకుంటే డబ్బు వాళ్ళకి పోవాలి. బండిలో స్క్రీన్ పెట్టి ప్రకటన వేస్తే అందులో డ్రైవర్‌కి వాటా ఉండాలి. ఇంట్లో షాపు కార్డు పెడితే ఇంటాయనకి ఉండాలి. కేంద్రం 2025 జూలైలో ఇచ్చిన మోటారు వాహనాల అగ్రిగేటర్ మార్గదర్శకాల్లో సొంత బండి ఉన్న డ్రైవర్‌కి కిరాయిలో కనీసం 80 శాతం అన్నారు. బాగుంది. మరి అదే బండిలో వచ్చే ప్రకటన డబ్బులో ఎంత? సొంత బండి అనే సూత్రం కిరాయికి పనికొచ్చినప్పుడు ప్రకటనకి ఎందుకు పనికిరాదు?

మూడో షరతు, కొన్నిటిని ఈ సంతలోకి తేనే కూడదు. దవాఖాన, విత్తనం, అప్పు. కొనేవాడికి సరిచూసుకునే టైము ఉండని చోట, తప్పు తెలిసేసరికి వెనక్కి పోలేని చోట కమిషన్ పనికిరాదు. "అర్ధగంటలో బంగారం మీద అప్పు" అని డ్రైవర్ నోట చెప్పించడం కంటే అన్యాయం ఇంకోటి లేదు. స్టిక్కరు అంటించుకోండి, కాదనను. మనిషిని ఇంత అని లెక్కపెట్టి అప్పగించడం మాత్రం వద్దు.

"అందరూ చేస్తున్నదే కదా, డ్రైవర్ ఒక్కడికే నీతులెందుకు?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను నీతి చెప్పేది డ్రైవర్‌కి కాదు, డబ్బిచ్చే వ్యాపారికీ, దారి వేసే కంపెనీకీ. డ్రైవర్ చేతిలో ఉన్నది అతని మాట ఒక్కటే. అది ఒకసారి అమ్ముడుపోయిందని ఊరికి తెలిస్తే, రేపు అతను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. వ్యాపారి ఇంకో డ్రైవర్‌ని పట్టుకుంటాడు. పెట్టుబడి అరిగిపోయేది డ్రైవర్‌దే.

"డబ్బు తీసుకున్నానని చెప్తే ఎవరు వింటారు?" అన్నది రెండో ప్రశ్న. వింటారండీ. "ఈ హోటలాయన నాకు నెలకి పైసలిస్తడు, కానీ నేను తినేది కూడా ఇక్కడే" అని చెప్పే డ్రైవర్‌ని నేనైతే ఇంకా ఎక్కువ నమ్ముతాను. దాచడానికి ఏమీ లేదని అర్థమైపోతుంది కదా.

ఇక మన సంగతి. ఈ టపా చదివే వాళ్ళలో సగం మంది ఏదో ఒక యాప్‌లో ప్రకటన కోడ్ రాస్తున్నవాళ్ళే. "స్పాన్సర్డ్" అన్న అక్షరాలు లేత బూడిద రంగులో, భూతద్దం పెడితే గానీ కనపడనంత చిన్నగా పెట్టమని టికెట్ వచ్చేది మనకే. క్లిక్కులు తగ్గుతాయని ప్రొడక్ట్ మేనేజర్ అంటాడు. తగ్గనీ. ఆ అక్షరాలు చదవాల్సింది మానుకోటలో మొదటిసారి స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న పెద్దాయన కూడా అని మీటింగులో ఒక్క మాట అనండి. అది తెలుగులో ఉండాలని ఇంకో మాట అనండి. ఉద్యోగం ఏమీ పోదు.

ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మనిషి ఎక్కడికి పోతున్నాడో బండి యాప్‌కి తెలుసు. ఆసుపత్రికి పోతున్నాడని తెలిసి, దారిలో ఇంకో ఆసుపత్రి ప్రకటన చూపించడానికి కోడ్ రెండు లైన్లు చాలు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు నోటిఫై అయ్యేసరికి 2025 నవంబరు అయింది, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడటానికి ఇంకా 18 నెలల గడువు ఇచ్చారు. చట్టం వచ్చేదాకా ఆగితే, ఈలోపు ఆ రెండు లైన్లూ ఎవరో రాసేస్తారు. ఆ ఎవరో మనం కాకుండా ఉండటం మన చేతిలో ఉన్న పనే.

మంచి పని కూడా ఒకటి ఉంది. జనగామకి నాలుగడుగుల ముందు హైవే మీదే పెంబర్తి. కాకతీయుల కాలం నుంచి ఇత్తడి, కంచు పని చేస్తున్న ఊరు. దాని లోహపు పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దేశం మొత్తం మీద ఎంపిక చేసిన ఉత్తమ పర్యాటక గ్రామాల్లో తెలంగాణ నుంచి రెండే ఊళ్ళు, ఒకటి సిద్దిపేట జిల్లా చంద్లాపూర్, ఇంకోటి పెంబర్తి. అవార్డు వచ్చింది. హైవే మీద కార్లు మాత్రం గంటకి వంద కిలోమీటర్ల వేగంతో ఇంకా అటే పోతున్నాయి.

మనలో చాలామంది గచ్చిబౌలిలోనో, కొండాపూర్‌లోనో రెండో ఫ్లాటు కొని ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టినవాళ్ళే. ఆ హాల్లో ఆన్‌లైన్‌లో కొన్న ప్లాస్టిక్ బుద్ధుడు ఉంటాడు. ఆయన్ని కాస్త పక్కన పెట్టి, పెంబర్తి దీపపు సెమ్మె ఒకటి పెట్టండి. పక్కన చిన్న కార్డు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ: "ఇది పెంబర్తిలో చేసింది. ధర ఇంత. మీరు కొంటే చేసినవాళ్ళకి ఇంత, నాకు ఇంత." అంతే. అతిథి రాత్రంతా ఆ సెమ్మెని చూస్తాడు, చేత్తో పట్టుకుని చూస్తాడు. ఏ ఎగ్జిబిషన్ స్టాల్‌లోనూ దానికి అంత టైము దొరకదు. ఎవరికెంత పోతుందో కార్డు మీదే ఉంది కాబట్టి మోసమూ లేదు. శుక్రవారం సాయంత్రం బ్లాబ్లాకార్‌లో ముగ్గుర్ని ఎక్కించుకుని హన్మకొండ పోయేవాళ్ళు, పెంబర్తి దగ్గర పది నిమిషాలు ఆగుదామా అని అడగండి. మీకు కమిషన్ అక్కర్లేదు, మీ జీతం మీకుంది.

కాళేశ్వరం దారిలో గది ఇవ్వగలిగిన ఇళ్ళకి కూడా ఇదే లెక్క. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఇంటివాళ్ళు అక్కడే ఉంటూ ఒకటి నుంచి ఆరు గదుల దాకా అతిథులకి ఇవ్వొచ్చు. అలాంటి ఇల్లు ఒక్కటి ఉంటే, దాని గోడ మీద ఒక కాగితం చాలు. ఎక్కడ తినాలి, కోటగుళ్ళకి ఎట్లా పోవాలి, ఏ ఆటో ఎంత తీసుకుంటుంది. అందులో డబ్బిచ్చి రాయించుకున్న పేర్లకి పక్కన ఒక చుక్క గుర్తు పెట్టండి. కింద రాయండి, "చుక్క ఉన్నవాళ్ళు మాకు డబ్బిచ్చారు" అని. అతిథికి మీ మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు.

పెద్ద కంపెనీలు ఈ ఊళ్ళకి స్క్రీన్లతో రాకముందే ఇలాంటి పద్ధతి ఒకటి నాలుగు చోట్ల అలవాటైతే, తర్వాత వచ్చేవాళ్ళు దాన్ని చూసి నడుచుకుంటారు. వాళ్ళు ముందొస్తే మనం వాళ్ళ పద్ధతికి అలవాటు పడతాం. ఇప్పటికే సగం పడ్డాం.

మీది ఆ మూడు జిల్లాల్లో ఏదైనా అయితే, ఈసారి ఊరికి పోయినప్పుడు ఆటో డ్రైవర్‌ని అడిగి చూడండి, వెనక స్టిక్కర్‌కి నెలకి ఎంత ఇస్తున్నారని, అది అతని చేతికే వస్తుందా మధ్యలో ఇంకెవరైనా తింటున్నారా అని. జవాబులు తెలిస్తే నాకూ చెప్పండి.